కార్వేటినగరం చెరువు కట్టలు

కార్వేటినగరమనగానే సాహిత్యప్రియులకు సారంగపాణి పదాలు స్ఫురిస్తాయి. న్యాయశాస్త్రం చదివినవారికి మాత్రం ఆ జమీందారీలోని రెండు చెరువులు జ్ఞప్తికి వస్తాయి. సొంతదారు గల మట్టికట్ట తెగితే నష్టమెవరు భరించాలన్న ప్రశ్న ఆ చెరువుల కారణంగానే లండను దాకా వెళ్ళింది.

పెద్ద వానలకు ఆ చెరువులకు గండ్లు పడి, దిగువన ఉన్న మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలు కొట్టుకొనిపోయాయి. కంపెనీ జమీందారుపై దావా వేసింది. దాని చేతిలో పదునైన అస్త్రమే ఉన్నది. లాంకషైరులో ఒక మిల్లు యజమాని జలాశయపు నీరు పొరుగువాని బొగ్గుగనిని ముంచగా, నీటిని తెచ్చి నిలిపినవాడే, తన అజాగ్రత్త లేకపోయినా సరే, నష్టం ఇచ్చుకోవాలని 1868లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు చెప్పింది.

ఆ సూత్రం ఇక్కడ చెల్లదని ప్రీవీ కౌన్సిలు 1874లో నిర్ణయించింది. ఈ చెరువులు ఒకడు తన లాభానికి తవ్వుకొన్నవి కావు. అనాదిగా ప్రజల ప్రాణాధారాలు. వాటిని పూడ్చివేసే అధికారం జమీందారుకు లేదు; కాపాడి మరమ్మతు చేయించే బాధ్యత మాత్రం ఉన్నది. కనుక అజాగ్రత్త రుజువైతేనే అతడు నష్టపరిహారం చెల్లించాలి. పైకి జమీందారు గెలిచాడు. నాకు మాత్రం అది సగం గెలుపుగానే తోస్తుంది. చెరువు ఆస్తి అనిపించుకోవడం మాని, విధి అయి కూర్చున్నది!

ఇంతకూ అజాగ్రత్త అంటే ఏమిటి? మట్టికట్టకు శత్రువులు చిన్నవి. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు. కట్టమీద మొలిచిన తుమ్మ. చెట్టు కొట్టివేసినంత మాత్రాన చాలదు, లోపల వేరు కుళ్ళి నీటికి దారి ఇస్తుంది. దిగువ పక్క ఊట తేటగా ఉంటే కనిపెట్టి ఉండాలి. బురదగా వచ్చిందంటే లోపలి మట్టి కదలుతున్నదన్నమాట, ఇక ఆలస్యం పనికిరాదు. అన్నిటికంటె ముఖ్యం కలుజు (మొరవ, అలుగు అని కూడా అంటారు). దాన్ని పూడనిచ్చినా, రెండు మూరల నీరు ఎక్కువ నిలపాలన్న ఆశతో ఎత్తు చేసినా నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. పొర్లే నీటికి రాతికట్టడం ఓర్చుకోవచ్చు గాని మట్టికట్ట కోసుకుపోతుంది.

ఇవన్నీ మనవారికి కొత్త కాదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ళ సంస్కృత శాసనం చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. కట్టనుండి నీరు కారడం ఆ ఆరింటిలో ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరన ఉండడం మరొకటి. ఈ రెండవదాన్ని నేను చాలాసార్లు తలచుకొంటాను. ఇద్దరి నడుమ ఉన్న కట్టకు మట్టి వేసేదెవరు? రాయలసీమలో చెరువు కట్టించినవానికో, బాగుచేసినవానికో దశబంధం మాన్యమిచ్చి మరమ్మతు భారం అప్పగించే ఏర్పాటు ఉండేది. మాన్యం పేరే బాధ్యుని పేరు చెప్పేది.

1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ చెరువులు ప్రభుత్వపరమయ్యాయి. పట్టా పొలాల్లోని సొంత కుంటలు ఇప్పటికీ ఉన్నాయి. 2021 ఆనకట్టల భద్రతా చట్టం పదిహేను మీటర్లు మించినవాటికి, కొన్ని షరతులతో పది మీటర్లు దాటినవాటికి వర్తిస్తుంది. కుంటకట్ట అంత ఎత్తు ఎక్కడ లేస్తుంది? పట్టాదారు పట్నంలో ఉంటాడు, కౌలుదారు తూము వరకే చూసుకుంటాడు. కట్టమీద తుమ్మలు మానులవుతున్నాయి.