మెదడును తూచిన రాళ్లు

జన్యువు పనిచేసినప్పుడు ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. అది ఎంత ఉందో తెలిస్తే జన్యువు ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ ఆల్విన్, డేవిడ్ కెంప్, జార్జ్ స్టార్క్ ఆర్‌ఎన్‌ఏను కాగితం మీదికి దించి చూసే పద్ధతి కనిపెట్టారు. డీఎన్‌ఏకి అలాంటి పద్ధతిని అంతకు రెండేళ్ల ముందే ఎడ్విన్ సదరన్ ఇచ్చారు. దాన్ని ఆయన పేరుతో సదరన్ బ్లాట్ అంటున్నారు కనుక, దీనికి నార్తర్న్ బ్లాట్ అన్న పేరు స్థిరపడింది.

చిక్కు మొదటి నుంచీ ఉంది. ఒక నమూనాలో కణజాలం కాస్త ఎక్కువ పడితే అందులో ప్రతి ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగానే కనిపిస్తుంది. ఆ తేడా జబ్బుదా, ముక్క కోసిన చేతిదా? అది తేల్చడానికి ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండే మరో జన్యువును పక్కనే కొలిచి పోల్చేవారు. కొట్టు భాషలో అది పడికట్టు రాయి.

ఏ కణమైనా బతకడానికి కావలసిన జన్యువులు మారవని అనుకున్నారు. చక్కెర నుంచి శక్తి తీసే ఎంజైముకు మూలమైన జీఏపీడీహెచ్, కణానికి ఆకారమిచ్చే బీటా ఆక్టిన్, రైబోజోముల్లోని 18ఎస్ ఆర్‌ఎన్‌ఏ అలా రాళ్లయ్యాయి. అవి పుష్కలంగా దొరుకుతాయి, పక్క ల్యాబు కూడా వాటినే వాడుతోంది. ఆ రాళ్లను తూచి చూసినవారు తక్కువ.

మెదడు దగ్గర ఈ అలవాటు బాగా ఎదురు తిరిగింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో చువాంగ్ బృందం ఎలుక చిన్నమెదడు నాడీకణాలను పాత్రల్లో పెంచి చూసింది. కణాలు చావబోయే ముందు జీఏపీడీహెచ్ పెరిగింది. దాన్ని అడ్డుకుంటే కణాలకు కొంత రక్షణ దొరికింది. 1996లో ఆ సంగతి అచ్చయింది. హంటింగ్టన్ వ్యాధికి కారణమైన ప్రొటీన్ జీఏపీడీహెచ్ ప్రొటీన్‌ను పట్టుకుంటుందన్న వార్తా ఆ ఏడాదే వచ్చింది. ఈ రెండోది ఆర్‌ఎన్‌ఏ మోతాదు గురించి నేరుగా ఏమీ చెప్పదు, నిజమే. కానీ నాడీకణాలు రాలిపోయే జబ్బులను కొలవడానికి, ఆ చావులోనే చెయ్యున్న జన్యువును కొలమానంగా పెట్టుకోవడం సరైన పని కాదు.

ఈలోగా రసెల్ హిగుచి 1992-93లో, నకళ్లు పెరుగుతుండగానే వాటిని కొలిచే రియల్‌టైమ్ పీసీఆర్‌కు దారి వేశారు. కొవిడ్ రోజుల్లో ఇంటింటా వినిపించిన సీటీ వాల్యూ, అంటే ఎన్నో సైకిల్‌లో కనిపించిందన్న అంకె, దాని భాషే. ప్రతి సైకిల్‌కీ నకళ్లు దాదాపు రెట్టింపవుతాయి. అందుకే రాయి ఒక్క సైకిల్ జరిగితే జవాబు రెండింతలు, మూడు సైకిళ్లు జరిగితే ఎనిమిదింతలు తప్పుతుంది. 2001లో లివాక్, ష్మిట్‌జెన్ ఇచ్చిన సులువైన సూత్రం ఈ లెక్కను అందరి చేతికీ అందించింది. రాయి మారదన్నదే ఆ సూత్రానికి పునాది.

మరుసటి ఏడాదే బెల్జియంలోని ఘెంట్ నుంచి యో వాండెసొంపెలె బృందం అసలు ప్రశ్న వేసింది. 13 రకాల మానవ కణజాలాల నుంచి 85 నమూనాలు, 10 జన్యువులు తీసుకున్నారు. అసలు కిలో ఎక్కడా లేదు, మరి రాయిని దేనితో తూచాలి? రాళ్లను ఒకదానితో ఒకటి తూచారు. మిగతా వాటితో నిష్పత్తి ఎక్కువగా ఊగే జన్యువును తీసేసి, మళ్లీ తూచి, మళ్లీ ఒకదాన్ని తీసేశారు. చివర నిలిచినవాటిలో కనీసం మూడింటి గుణమధ్యమాన్ని కొలమానంగా పెట్టుకోమన్నారు. జీనార్మ్ అన్న ఆ పద్ధతి గొప్ప ఆలోచన. లోపమూ ఉంది. రెండు రాళ్లు కలిసి అరిగితే రెండూ బాగున్నట్టే కనిపిస్తాయి. 2004లో డెన్మార్క్ నుంచి వచ్చిన నార్మ్‌ఫైండర్, రోగుల గుంపుకీ ఆరోగ్యవంతుల గుంపుకీ మధ్య తేడాను విడిగా లెక్కించి ఆ లోపాన్ని చాలావరకు పూడ్చింది.

మనిషి మెదడు ముక్క సాధారణంగా మరణం తర్వాతే అందుతుంది. శవపరీక్ష ఆలస్యమైతే ఆర్‌ఎన్‌ఏ పాడవుతుందని అందరి భయం. ఆక్స్‌ఫర్డ్‌లో పాల్ హారిసన్ బృందం 1995లో చూపించింది వేరు. మరణానికి ముందు రోగి చాలాసేపు కొట్టుమిట్టాడితే మెదడులో ఆమ్లం పెరుగుతుంది. గడిచిన గంటల కంటే ఆ ఆమ్లమే ఎక్కువ చేటు చేస్తుంది. మెదడు బ్యాంకులు ముక్కతోపాటు పీహెచ్ కూడా రాసిపెట్టడం అందుకే.

అల్జీమర్స్‌లో ఇంకో మెలిక. నాడీకణాలు తగ్గి, వాటి చుట్టూ ఉండే గ్లియా కణాలు చురుకెక్కుతాయి. ఒకే బరువున్న రెండు ముక్కల్లో ఉన్న జనాభా ఒకటి కాదు. చిన్నమెదడుకు సరిపోయిన రాయి హిప్పోక్యాంపస్‌కు సరిపోతుందన్న హామీ లేదు. ఏ భాగానికి, ఏ జబ్బుకు ఆ రాయిని మళ్లీ వెతకాల్సిందే. 2009లో స్టీఫెన్ బస్టిన్, సహచరులు ఎమ్‌ఐక్యూఈ పేరుతో అచ్చువేసిన నియమాలు కూడా, మారదని రుజువు చూపకుండా ఒక్క జన్యువుతో తూచడాన్ని ఒప్పుకోలేదు.

బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు ఉంది. దానం చేసిన ప్రతి మెదడు వెనుకా దుఃఖంలో ఉండి కూడా సరేనన్న కుటుంబం ఉంది. అలాంటి ముక్కతో పని మొదలుపెట్టబోయే విద్యార్థులు అలవాటుగా జీఏపీడీహెచ్ సీసా అందుకునే ముందు, పది జన్యువులతో ఒక ప్లేటు పెట్టి రాళ్లను తూచి చూడాలి. ఆ ముక్క మళ్లీ దొరకదు.