అంతరిక్షంలో నీళ్ళెక్కడివి?

2006 వేసవిలో మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. నాన్న రాలేదు. "ఇద్దరం వస్తే ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు. అనంతపురంలో మా ఇల్లు అంత కాపలా కాయవలసినదేమీ కాదు. విమానమంటే భయమని ఒప్పుకోవడం ఇష్టంలేక అలా అన్నాడని అమ్మ డాలస్ ఎయిర్‌పోర్టులో దిగీ దిగగానే చెప్పేసింది.

ఒక శనివారం పొద్దున నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ ఎర్ర కవర్లో వచ్చిన డీవీడీ పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ వంటింట్లో ఉగ్గాణికి ఉల్లిపాయలు తరుగుతోంది. టీవీలోంచి గాయత్రీ మంత్రం మొదలయింది. అమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ, "ఏం నాయనా, పొద్దున్నే గాయత్రి పెట్టుకున్యావా!" అని మురిసిపోతూ హాల్లోకి వచ్చింది. వచ్చి చూస్తే తెరమీద బాంబులు, రాకెట్లు, తుపాకులు. జోడించబోయిన చేతులు అట్లాగే దించేసింది.

ఆ సీరియల్ పేరు 'బాటిల్‌స్టార్ గెలాక్టికా'. రిచర్డ్ గిబ్స్ అనే సంగీత దర్శకుడు దాని టైటిల్ సంగీతంలో గాయత్రిని వాడుకున్నాడు. కథ ఏమిటని అమ్మ అడిగింది. మనుషులు తయారుచేసిన యంత్రాలే మనుషుల మీద తిరగబడ్డాయనీ, పన్నెండు గ్రహాల మీద కోటానుకోట్ల జనం ఒక్కరోజులో నాశనమయ్యారనీ, మిగిలిన యాభైవేల చిల్లర మంది కొన్ని ఓడల్లో పారిపోతూ భూమి అనే చోటుకోసం వెతుక్కుంటున్నారనీ చెప్పాను. అమ్మ అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"యాభైవేల మందికి నీళ్ళు యాడ్నించి తెచ్చుకుంటారురా?"

అప్పుడు నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, అమెరికా టెలివిజన్‌లో అంతరిక్షం కథల చరిత్ర అంతా ఆ ప్రశ్నకు అటూ ఇటూగానే ఉన్నట్టు తోచింది. ఆ ప్రశ్న అడగనక్కరలేని కథలు కొన్ని. అడిగి తీరవలసిన కథలు కొన్ని. నాలాంటి వాణ్ణి పట్టుకుని వదలనివి ఈ రెండోరకం.

మొదటి రకంలో పెద్దపేరు 'స్టార్ ట్రెక్'. 1966 సెప్టెంబరు 8న మొదలై, మూడు సీజన్లలో 79 ఎపిసోడ్లు వచ్చి ఆగిపోయింది. ఎనభైల్లో దూరదర్శన్ దాన్ని మనకూ చూపించింది. మా వీధిలో టీవీ ఉన్న ఒకే ఇంట్లో, గుమ్మం దగ్గర గొంతుక్కూచుని చూసిన జ్ఞాపకం. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, మనుషులు మెరుపులై మాయమై ఇంకోచోట తేలడం మాత్రం బాగా నచ్చేది. అలా తేలడం వెనక సంగతి అమెరికా వచ్చాక తెలిసింది. వారం వారం ఓడ ఒక కొత్త గ్రహం మీద దిగినట్టు చూపించాలంటే డబ్బు చాలదు. అందుకని ఆ యంత్రాన్ని కల్పించారట. మన నాటకాల వాళ్ళకి తెలియని విద్యేం కాదు.

1987లో వచ్చిన దాని తరవాతి తరం సీరియల్లో గోడలో ఒక అర ఉంటుంది. "టీ" అంటే టీ వస్తుంది, భోజనమంటే భోజనం. అది అక్షయపాత్ర. పాండవుల చేతిలో అక్షయపాత్ర ఉన్నంతసేపూ అరణ్యవాసంలో వంట కష్టం మనకు గుర్తురాదు చూడండి, అలాగే స్టార్ ట్రెక్‌లో ఆకలి లేదు, జీతం లేదు, నీళ్ళ గొడవ లేదు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. ఉహురా పాత్ర వేసిన నల్లజాతి నటి నిషెల్ నికోల్స్ మానేద్దామనుకుంటే, మానవద్దని చెప్పినవాడు సాక్షాత్తూ మార్టిన్ లూథర్ కింగ్. ఆవిడే 1977లో నాసా తరఫున ఊరూరా తిరిగి, స్త్రీలనూ నల్లవాళ్ళనూ వ్యోమగాములుగా చేరమని పిలిచింది. అక్షయపాత్ర ఉన్న కథ కూడా లోకానికి పనికొస్తుంది. కాకపోతే అది చేరవలసిన చోటు గురించిన కథ. దారిలో ఉన్నవాడి కథ వేరు.

నేను దారిలో పడింది 2003 ఆగస్టులో, టెక్సస్‌లో ఎం.ఎస్. చదవడానికి. అంతకు ఆర్నెల్ల క్రితం, ఫిబ్రవరి 1న, కొలంబియా షటిల్ ఇదే టెక్సస్ ఆకాశంలో ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ఆమె ఎం.ఎస్. చదివింది మాకు దగ్గర్లోని ఆర్లింగ్టన్‌లోనే. మేం నలుగురం ఒక గదిలో ఉండి, పది డాలర్ల బియ్యం బస్తా ఎన్ని రోజులు వస్తుందో లెక్కలు వేసుకునే రోజులవి. ఆ డిసెంబరులోనే గెలాక్టికా మొదటి రెండు భాగాలు సై-ఫై చానెల్లో వచ్చాయి.

దాన్ని తీర్చిదిద్దిన రొనాల్డ్ డి. మూర్ స్టార్ ట్రెక్ సీరియల్స్‌కి పదేళ్ళు రాసినవాడు. 'వోయేజర్' అనే స్టార్ ట్రెక్ సీరియల్లో ఒక ఓడ ఇంటికి డెబ్భై ఏళ్ళకు పైగా పట్టే దూరంలో చిక్కుకుపోతుంది. ఎంత మంచి కథ! కానీ ఈ వారం తగిలిన దెబ్బలు పైవారానికి మాయం. ఓడ ఎప్పుడూ కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తూనే ఉంటుంది. మొదట్లో 38 టార్పెడోలే ఉన్నాయి, మళ్ళీ దొరకవు అన్నారు. అభిమానులు కూర్చుని లెక్కపెడితే పేలినవి అంతకు రెట్టింపు దాటాయి. మూర్ 1999లో ఆ సీరియల్లో చేరి, కొద్ది వారాలకే బయటికి వచ్చేశాడు.

1978లో ఏబీసీలో వచ్చిన పాత గెలాక్టికాదీ ఇదే తంతు. ప్రపంచం బూడిదయిన కాసేపటికే కొందరు ఒక జూదశాలలో పాటలు వింటూ ఉంటారు. ఆ పాత కథనే మూర్ తిరగరాశాడు. తన పద్ధతికి సహజవాదమని పేరు పెట్టాడు. కెమెరా భుజాన వేసుకుని యుద్ధవార్తలు తీసినట్టు తీయించాడు. మనుషులకు అప్పులూ, తాగుడూ, కాన్సరూ, దైవభక్తీ అన్నీ పెట్టాడు. దేశాధ్యక్షురాలు ఎవరయ్యా అంటే, అధికార వరసలో 43వ స్థానంలో ఉన్న విద్యాశాఖ మంత్రి. పైన ఉన్నవాళ్ళంతా పోయారు కాబట్టి ఆవిడ.

అంతకు ముందు దారి వేసినవాళ్ళు లేకపోలేదు. 1994లో మొదలైన 'బాబిలన్ 5'ని స్ట్రజిన్‌స్కీ అనే రచయిత ఐదేళ్ళ నవలలా ముందే అనుకుని, 110 ఎపిసోడ్లలో 92 తానే రాశాడు. అందులో ఒకచోట ఓడరేవు కూలీలు సమ్మె చేస్తారు. అంతరిక్షంలో కూలీలు కనబడటమే వింత అప్పటికి. 2002లో వచ్చిన 'ఫైర్‌ఫ్లై'లో అంతరిక్షం నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడ గాలి లేదు కనక నిజానికి ఉండవలసింది అలాగే. అది మొదటి సీజనయినా పూర్తికాకుండానే ఆగిపోయింది.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి గెలాక్టికాలో నాకు ముందు నచ్చింది ఒకటుంది. అది మ్యూజియం చేయబోతున్న ముసలి ఓడ. దాని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి కమాండర్ అడామా ససేమిరా ఒప్పుకోడు. ఫోన్లకు కూడా వైర్లుంటాయి. నెట్‌వర్క్‌లున్న కొత్త ఓడలన్నీ శత్రువు వైరస్‌కి పడిపోతే, ఈ పాతది మిగులుతుంది. మా క్లయింటు ఆఫీసులో ముప్పై ఏళ్ళ కోబాల్ ప్రోగ్రాములను చూసి ముక్కు విరిచిన నేను, ఆ తర్వాత వాటికి మనసులో ఒక నమస్కారం పెట్టుకున్నాను.

ఆపైన '33' అనే ఎపిసోడ్. అమెరికాలో 2005 జనవరి 14న వచ్చింది, హ్యూగో అవార్డు తెచ్చుకుంది. శత్రువు ప్రతి 33 నిమిషాలకూ వస్తాడు. ఐదురోజులకు పైగా ఎవరికీ నిద్ర లేదు. నిద్రలేని కళ్ళతో వాళ్ళు చేసేది వీరత్వం కాదు, డ్యూటీ. రాత్రి రెండింటికి పేజర్ మోగితే లేచి ప్రొడక్షన్ సర్వర్ చూసినవాళ్ళకి ఆ ముఖాలు పరిచయమే. చివర్లో అధ్యక్షురాలు తెల్లబోర్డు మీద రాసుకున్న బతికున్నవాళ్ళ అంకెను తుడిచి 47,973 అని రాస్తుంది. ఒక ఓడలో బిడ్డ పుట్టింది. ఎన్నివేలో పోయిన తర్వాత పెరిగిన ఒక్క అంకె అది.

అమ్మకు మొదటి సీజన్ డిస్కులు తెప్పించి మొదటినుంచీ చూపించాను. '33' తర్వాతి ఎపిసోడ్ పేరే 'నీళ్ళు'. ట్యాంకులు పగిలి ఓడలోని నీళ్ళు సగానికి పైగా శూన్యంలోకి పోతాయి. గెలాక్టికా వాడిన నీటినే మళ్ళీ మళ్ళీ శుద్ధి చేసుకోగలదు. మామూలు జనం ఉన్న ఓడలకు ఆ ఏర్పాటు లేదు. రేషన్ పెడతారు. అమ్మ ముందుకు జరిగి కూచుంది. వెతగ్గా వెతగ్గా ఒక చోట మంచుగడ్డ దొరుకుతుంది. ఇక దాన్ని ఎవరు తవ్వాలి? తర్వాతి ఎపిసోడ్‌లో ఆ పని ఖైదీలకు అప్పజెబుతారు.

"కూలి ఎంతిస్తారంట?" అంది అమ్మ.

ఇంగ్లీషు రాని మా అమ్మకు అందులో అర్థంకానిది ఏమీ లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్పనుకునే జిల్లా మాది. వీధిలోకి ట్యాంకరు వస్తే బిందెలు ఏ వరసలో పెట్టాలి, గర్భిణి ఉన్న ఇంటికి ఒక బిందె ఎక్కువ ఇవ్వాలా వద్దా, అడ్డమొచ్చినవాడితో ఎవరు మాట్లాడాలి - ఇదంతా రాజకీయమే. ఆ తెరమీద ఉన్నదీ అదే.

2009 మార్చి 17న న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి భవనంలో ఆ సీరియల్ మీద చర్చ జరిగింది. మూర్, అడామాగా వేసిన ఎడ్వర్డ్ జేమ్స్ ఆల్మోస్, అధ్యక్షురాలిగా వేసిన మేరీ మెక్‌డానెల్ వెళ్ళారు. మానవ హక్కులు, తీవ్రవాదం గురించి మాట్లాడారు. మూడు రోజుల తర్వాత చివరి ఎపిసోడ్ వచ్చింది. ఓడ భూమిని చేరింది.

నేను చేరలేదు. ఆ ఫిబ్రవరిలోనే నాన్న పోయాడు. అప్పటికి నా ప్రాజెక్టు అయిపోయి, కొత్త కంపెనీకి మారే హెచ్-1బి కాగితాలు ఇంకా తేలలేదు. "వెళ్తే వెళ్ళండి, తిరిగి రావడం మాత్రం గ్యారంటీ లేదు" అన్నాడు లాయరు. రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించడానికి రెండు రోజులు తీసుకున్నానంటేనే జవాబు తెలిసిపోయిందిగా. మా చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. నేను ఫోను స్పీకర్లో పెట్టుకుని విన్నాను. పదకొండో రోజున అందరూ వెళ్ళిపోయాక అమ్మ ఫోన్లో, "ఇంగ దినానికి ఒక్క బిందె చాల్లే నాయనా" అంది.

తెల్లబోర్డు మీద అంకె తుడవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఈ కథలు ఎందుకు అంత పట్టుకుంటాయని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు అదే. అంతరిక్షం విశాలత్వం కాదు. ఇంటికి దూరంగా ఉన్నవాడు రోజూ లోపల వేసుకునే లెక్కలను వాళ్ళు పైకే వేస్తారు. ఎన్ని నీళ్ళు, ఎంతమంది, ఇంకా ఎంత దూరం.

2015 డిసెంబరులో 'ది ఎక్స్‌పాన్స్' వచ్చింది. డేనియల్ ఏబ్రహాం, టై ఫ్రాంక్ కలిసి ఒకే కలం పేరుతో రాసిన నవలల ఆధారంగా తీసినది. అందులో మొదట మనం ఎక్కే ఓడ శని వలయాలనుంచి మంచు మోసే ట్యాంకరు! సీరీస్ అనే గ్రహశకలం మీద ఒకప్పుడు మంచు దండిగా ఉండేదట. భూమి, అంగారకుడు దోచుకుపోగా, అక్కడ పనిచేసే జనం గాలికీ నీళ్ళకీ రేషన్‌లో బతుకుతారు. ఐక్యరాజ్యసమితిలో చక్రం తిప్పే ఆవిడ చీరలు కట్టే భారత సంతతి బామ్మ. ఓడ నడిపే అలెక్స్ కమాల్ అంగారకుడి మీద భారతీయులూ చైనీయులూ టెక్సస్ వాళ్ళూ కలిసి స్థిరపడిన లోయవాడు, అందుకని టెక్సస్ యాసలో మాట్లాడతాడు. ఫ్రిస్కోలో పుట్టి, "యాల్" అంటూ పెరుగుతున్న మా అమ్మాయి అతన్ని చూసి, ఇందులో ఆశ్చర్యమేముందని అడిగింది. 2018లో సై-ఫై చానెల్ దాన్ని ఆపేస్తే, అభిమానులు అమెజాన్ స్టూడియో మీద బానర్ కట్టిన విమానం తిప్పారు. అమెజాన్ తీసుకుంది. ఆరు సీజన్లతో 2022 జనవరిలో ముగిసింది.

ఇదంతా కల్పన కదా అంటారేమో. 1970లో అపోలో-13లో ట్యాంకు పేలాక ముగ్గురు వ్యోమగాములు మనిషికి రోజుకు ఒక గ్లాసు కంటే తక్కువ నీళ్ళతో తిరిగొచ్చారు. గెలాక్టికా ముగిసిన రెండు నెలలకు, 2009 మేలో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వాళ్ళు తమ మూత్రంనుంచీ చెమటనుంచీ శుద్ధి చేసిన నీటిని మొదటిసారి తాగారు. 2023 నాటికి అక్కడి నీటిలో 98 శాతం తిరిగి రాబట్టగలుగుతున్నామని నాసా ప్రకటించింది.

2021 నవంబరులో రాజాచారి ఆ కేంద్రానికి కమాండరుగా నలుగురి బృందాన్ని తీసుకెళ్ళి, 177 రోజులు ఉండి వచ్చాడు. పుట్టింది మిల్వాకీలో, పెరిగింది అయోవాలో. తండ్రి మాత్రం మహబూబ్‌నగర్‌నుంచి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చినవాడు. కరువుకు పనులు వెతుక్కుంటూ ఊళ్ళకు ఊళ్ళు వలసపోయిన పాలమూరు అది. అమ్మ టీవీలో చూసి ఫోన్ చేసింది.

"మనోళ్ళ పిల్లోడంటనే. ఆర్నెల్లు ఆడ్నే ఉంటాడంట. మరి నీళ్ళో?"

ఉన్నదున్నట్టు చెప్పాను. చెమట, మూత్రం, యంత్రం, అన్నీ. ఛీ అంటుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు.

"పారబోసుకోకుండా చూసుకుంటారన్నమాట. మంచిదేలే" అంది. అని, "కొళాయి వచ్చే టైమయిందిరా, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది.