ఖాళీ జేబుల వసీయత్‌నామా

మన ఇళ్లల్లో వసీయత్ అనే మాట వినబడితే చాలు, నవ్వుతున్నవాళ్లు కూడా సర్దుకుని కూర్చుంటారు. దాదాజాన్ మంచం చుట్టూ చేరి గొంతు తగ్గించి మాట్లాడుకునే మాట అది. ఆస్తిలో మూడో వంతుకు మించి వసీయత్ చెల్లదనీ, వారసుల వాటాలు ముందే ఖరారై ఉంటాయనీ మదర్సా గడప తొక్కనివాళ్లకి కూడా తెలుసు. అంత బరువైన మాటను పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు పట్టుకుని మజాక్ చేస్తే ఎలా ఉంటుంది? అమెరికా హైస్కూళ్లలో వందేళ్లకు పైగా జరుగుతున్నది అదే.

అక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు జమాత్‌లు. చివరి జమాత్‌వాళ్లు సీనియర్లు, వాళ్లకంటే ఒక మెట్టు కింద జూనియర్లు. స్కూలు వదిలే ముందు సీనియర్లు ఒక వసీయత్‌నామా రాస్తారు. వేదికెక్కి చదువుతారు, లేదా ఇయర్‌బుక్‌లో అచ్చు వేస్తారు. ఇంతకీ అందులో ఏముంటుంది? ఒకడు తన గిరజాల జుట్టును బట్టతల పడేలా ఉన్న జూనియర్‌కి రాసిస్తాడు. ఒకమ్మాయి రోజూ ఆలస్యంగా వచ్చి కూడా దొరక్కుండా కూర్చునే హునర్‌ను తన తర్వాతి అమ్మాయికి అప్పగిస్తుంది. ఇంకొకడు నాలుగేళ్లుగా మూత పడని లాకర్‌ను ఇస్తాడు. లెక్కల మాస్టారుకు జమాత్ మొత్తం కలిసి కాస్త మనశ్శాంతిని రాసిస్తుంది. ఇచ్చేవాళ్ల దగ్గర దమ్మిడీ లేదు. ఇచ్చే దర్జా మాత్రం నవాబులది!

ఈ నవ్వులాటకు ప్రాణం దాని భాషలో ఉంది. అచ్చం వకీలు రాసినట్టే రాస్తారు. 'మేము, ఫలానా సంవత్సరపు జమాత్‌వాళ్లం, స్థిరబుద్ధితో' అని మొదలుపెట్టి, ఒకటో అంశం, రెండో అంశం అని లెక్కపెట్టి, చివర గవాహులతో దస్తఖత్ చేయిస్తారు. ఈ బాణీ మనకు కొత్త కాదు. ఉర్దూ దస్తావేజులో 'బఖాయిమీ-ఏ-హోష్-ఓ-హవాస్, బిలా జబ్ర్-ఓ-ఇక్రాహ్' అని ఉంటుంది. తెలుగు రిజిస్ట్రీ కాగితంలో 'స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా' అని ఉంటుంది. తెలుగు డిగ్రీ చదివే రోజుల్లో నాకు బాగా నచ్చిన మాటల్లో 'వీలునామా' ఒకటి. అందులో 'వీలు' ఇంగ్లీషువాళ్ల 'విల్', 'నామా' ఫార్సీది. రెండూ కలిసి తెలుగు మాటైపోయాయి. కోర్టు కాగితం ఏ ముల్కులోనైనా ఒకేలా బిగుసుకుని ఉంటుంది. అంత బిగుసుకున్నదాన్ని చూస్తే పిల్లలకు నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

ఈ నవ్వు అమెరికాలో పుట్టిందనుకుంటే పొరపాటే. దీని ఖిస్సా చాలా పాతది. రోమన్ల కాలంలో, సుమారు 1600 ఏళ్ల క్రితం, లాటిన్‌లో ఒక చిన్న వీలునామా బడిపిల్లల నోళ్లలో నానుతుండేది. రాసినవాడు మనిషి కాదు, ఒక పందిపిల్ల. మన దస్తర్‌ఖాన్ మీదికి రాని జానవరే అయినా, ఖిస్సాలోకి వస్తే అభ్యంతరం లేదు కదా! వంటవాడు కత్తి పట్టుకుని వస్తాడు. పందిపిల్ల ప్రాణభిక్ష అడుగుతుంది, దొరకదు. అయితే ఒక్క గంట గడువివ్వు, వీలునామా రాసుకుంటానంటుంది. చేత్తో రాయడం రాదు గనుక చెప్పి రాయిస్తుంది. తల్లికీ తండ్రికీ చెల్లికీ గింజలు రాసిస్తుంది. ఆ తర్వాత ఒంటిని పంచుతుంది. చెప్పులు కుట్టేవాళ్లకు వెంట్రుకలు, చెవిటివాళ్లకు చెవులు, వాగుడుకాయలైన వకీళ్లకు నాలుక! దీన్ని చదివి బడిపిల్లలు పగలబడి నవ్వుతారని క్రైస్తవ పండితుడు జెరోమ్ తన రచనల్లో రెండు చోట్ల చిరాకుపడ్డాడు. ఆ చిరాకు పుణ్యమా అని, అప్పటి పిల్లలు దేనికి నవ్వేవాళ్లో మనకు తెలిసింది.

తర్వాత పారిస్. అక్కడి యూనివర్సిటీలో చదివి పట్టా పుచ్చుకున్న ఫ్రాన్స్వా వియాన్ అనే షాయర్ 1456లో, పాతికేళ్ల వయసులో, ఊరు వదిలిపోతున్నానంటూ పద్యాల్లో వసీయత్ రాశాడు. మంగలికి తన జుట్టు కత్తిరింపులు, పాత చెప్పులు బాగుచేసేవాళ్లకు తన పాత జోళ్లు, ఆసుపత్రులకు బూజు పట్టిన తన కిటికీలు రాసిచ్చాడు. ఆ ఏడాది క్రిస్మస్ వేళ ఒక కాలేజీ ఖజానా దోపిడీలో ఆయనకూ చెయ్యి ఉంది. ఊరు వదలడానికి అసలు కారణం ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1461లో ఇంకా పెద్ద వసీయత్ రాశాడు. 1463లో ఉరిశిక్ష తప్పి, పదేళ్ల బహిష్కారంతో పారిస్ నుంచి వెళ్లాడు. ఆ తర్వాత ఆయన జాడ ఎవరికీ దొరకలేదు.

ఫార్సీ వాసన పీల్చినవాళ్లకు ఇక్కడ ఉబైద్ జాకానీ గుర్తుకు రావాలి. 14వ శతాబ్దపు ఇరాన్‌లో తంజ్‌కు ఉస్తాద్ అనదగ్గవాడు. ఆయన ఆఖరి రోజుల గురించి ఒక ఖిస్సా చెప్పుకుంటారు. కొడుకులను విడివిడిగా పిలిచి, ఫలానా చోట ఖజానా దాచాను, అది నీకే, ఎవరికీ చెప్పకు అన్నాడట. కొడుకులు పోటీపడి ఖిద్మత్ చేశారు. తండ్రి పోయాక తవ్వి చూస్తే పెట్టెలో ఒక్క కాగితం. ఉబైద్ దగ్గర చిల్లిగవ్వ లేదన్న సంగతి ఖుదాకు తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు నీకూ తెలిసింది అని దాని సారాంశం. నిజంగా జరిగిందో లేదో అటుంచండి. ఈ మజాక్ మన సాహిత్య విరాసత్‌లోనూ ఉందనడానికి ఇది చాలు.

పందిపిల్ల నుంచి అమెరికా పిల్లల దాకా సిల్‌సిలా నేరుగా వచ్చిందని నేననడం లేదు. కానీ ఈ వసీయత్‌లన్నింటిలో ఒక సంగతి కలుస్తుంది. ఇచ్చేవాడు ఖాళీ చేతులవాడు, ఇచ్చేసి వెళ్లిపోయేవాడు. కాలేజీ వదిలే కుర్రాడికి ఈ రెండూ సరిగ్గా సరిపోతాయి. అందుకే 19వ శతాబ్దంలో అమెరికా కాలేజీలు 'క్లాస్ డే' అని ఒక వీడ్కోలు జల్సా జరుపుకునేటప్పుడు, జమాత్ షాయర్, జమాత్ చరిత్రకారుడు, జమాత్ జోస్యుడు అంటూ పదవులు పంచుకున్న చోట, వసీయత్ కూడా వచ్చి కూర్చుంది. కాలేజీలను చూసి హైస్కూళ్లు నేర్చుకున్నాయి.

హైస్కూళ్లకు వచ్చాకే ఇది నిజంగా అందరి రివాజ్ అయింది. కారణం లెక్కల్లో కనిపిస్తుంది. 1910లో అమెరికా పిల్లల్లో నూటికి 9 మందే హైస్కూల్ పూర్తిచేసేవాళ్లు. 1940 నాటికి సగం మంది పూర్తిచేయసాగారు. రైతుల పిల్లలు, కార్మికుల పిల్లలు, వలస వచ్చినవాళ్ల పిల్లలు ఖాందాన్‌లోనే మొదటిసారి ఆ సర్టిఫికెట్ చూశారు. అటు ఫోటోను చుక్కలుగా మార్చి అచ్చువేసే పద్ధతి 1880ల నుంచి వ్యాపించి, ఇయర్‌బుక్ చవకైంది. ఇరవై మంది జమాత్ ఉన్న చిన్న ఊరి బడిలో ప్రతి ఒక్కరి పేరూ వసీయత్‌లో ఒకసారి పడేది. ఆస్తిపాస్తుల దస్తావేజులో ఎప్పుడూ పేరు పడని ఇంటి పిల్ల, మజాక్‌గానైనా, ఇక్కడ రాసిచ్చే మనిషి అయింది. నాకు ఈ సంగతి చిన్నదిగా అనిపించదు.

కొన్ని సంవత్సరాల్లో ఈ మజాక్ గొంతుకు అడ్డం పడుతుంది. 1942 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వం సైన్యంలోకి బలవంతపు భర్తీ వయసును 20 నుంచి 18కి దించింది. 1943లో స్కూలు వదిలిన కుర్రాళ్లలో ఎంతోమంది పట్టా పుచ్చుకుని నేరుగా యుద్ధానికి వెళ్లారు. తన డాన్సు అడుగులను ఒక జూనియర్‌కి రాసిచ్చి నవ్విన కుర్రాడు, కొన్ని నెలలకే నిజం వీలునామా గురించి ఆలోచించాల్సిన చోట ఉన్నాడు. అప్పటి ఇయర్‌బుక్ చేతికొస్తే ఆ నవ్వుల పేజీని మనం నవ్వుతూ మాత్రం చదవలేం.

ఇక చేదు మాట. వసీయత్‌కు జవాబు ఉండదు. రాసినవాడు వెళ్లిపోతాడు, అందుకున్నవాడు మిగిలిపోతాడు. నీ జుట్టు నాకెందుకని ఆ జూనియర్ అడగడానికి ఎదుట ఎవరూ ఉండరు. ఆ మాట మరుసటి ఏడాదంతా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం, అతని వెంటే తిరుగుతుంది. లావుగా ఉన్నవాడికి డైటింగ్ కాగితం, నత్తి ఉన్నవాడికి ఉపన్యాస కళ, బీద ఇంటి పిల్లకు పాత గౌను రాసిస్తే, దాన్ని మిజాహ్ అనాలా? మన పెద్దలు దిల్‌ఆజారీ అనేవాళ్లు.

ఇది వట్టి భయం కాదు. వసీయత్ కాకపోయినా, ఇయర్‌బుక్ మజాక్ ఎంత దూరం ప్రయాణిస్తుందో 2018లో ప్రపంచమంతా చూసింది. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి పదవికి బ్రెట్ కావనాను ప్రతిపాదించినప్పుడు, సెనెట్ విచారణలో ఆయన 1983 నాటి హైస్కూల్ ఇయర్‌బుక్ పేజీ చర్చకొచ్చింది. ఆయనా, ఆయన దోస్తులు కొందరూ వేరే స్కూలు అమ్మాయి పేరును తమ తమ పేజీల్లో వాడుకున్నారు. ఆ సంగతి ఆమెకు 35 ఏళ్ల తర్వాత తెలిసింది. మనసు గాయపడిందని ఆమె అన్నారు. అభిమానంతోనే రాశామని కావనా జవాబిచ్చారు. రాసినవాళ్లకు అది ఒక పూట నవ్వు. ఆమెకు మాత్రం తన పేరు తనకు తెలియకుండా ముప్పై ఐదేళ్లు అచ్చులో పడి ఉంది.

స్కూళ్లు కూడా మెల్లగా జాగ్రత్తపడ్డాయి. 1988లో మిస్సోరీలోని హేజిల్‌వుడ్ స్కూలు పత్రిక కేసులో, స్కూలు తరఫున వెలువడే పత్రికల్లో ఏది అచ్చు కావాలో నిర్ణయించడానికి ప్రిన్సిపాల్‌కు హక్కు ఉందని సుప్రీంకోర్టు 5-3 మెజారిటీతో తీర్పు చెప్పింది. రెండర్థాల మాటలు, పరువు నష్టం గొడవలు ఎందుకని చాలా స్కూళ్లు వసీయత్ పేజీనే తీసేశాయి. అయితే రివాజ్ చావలేదు, ఇల్లు మారింది. బ్యాండ్ బృందాల్లో, నాటక బృందాల్లో, ఆటల జట్లలో సీనియర్లు ఇప్పుడు నిజం వస్తువులే ఇస్తున్నారు. చిరిగిన టోపీ, అరిగిపోయిన డ్రమ్ము పుల్ల, ఎవరో ఎప్పుడో మొదలుపెట్టిన బొమ్మ చేతులు మారుతుంటాయి. ఎదురెదురుగా నిలబడి ఇస్తారు, కౌగిలించుకుని ఇస్తారు. అందుకున్నవాడు అక్కడే జవాబు చెప్పొచ్చు. నాకు ఈ పద్ధతే మేలనిపిస్తుంది.

మన దగ్గర గాలి తిరగబడి వీస్తుంది. తొమ్మిదో జమాత్‌వాళ్లు దస్వీ జమాత్‌వాళ్లకు అల్విదాయీ జల్సా ఇస్తారు. ఉర్దూ మీడియం బడిలో మేమూ అలాగే చేశాం. సమోసాలు, షర్బత్, ఒకటి రెండు గజళ్లు, ఉస్తాద్‌ల నసీహత్. కాలేజీకొస్తే జూనియర్లు సీనియర్లకు టైటిల్స్ ఇస్తారు, మిస్టర్ ఫేర్‌వెల్, మిస్ ఫేర్‌వెల్ అంటారు. ఇక్కడ మజాక్ చిన్నవాడి నుంచి పెద్దవాడికి వెళ్తుంది. అందుకున్నవాడు స్టేజీ మీదే నవ్వి, మర్నాడు ఊరెళ్లిపోతాడు. అమెరికాలో పెద్దవాడి నుంచి చిన్నవాడికి దిగుతుంది. తంజ్ కింది నుంచి పైకి వెళ్తే ధైర్యం అనిపించుకుంటుంది, పై నుంచి కిందికి వస్తే ఒక్కోసారి రాయి పడినట్టే ఉంటుంది. అయితే మన టైటిల్స్ అన్నీ పువ్వులని కూడా అనలేం. రంగు మీద, బుర్ఖా మీద, ఇంటి భాష మీద విసిరే టైటిల్ కింది నుంచి వచ్చినా తగులుతుంది.

టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు ఖాందాన్‌ల పిల్లలు ఈ ఇయర్‌బుక్‌లు ఇంటికి తెస్తుంటారు. ఇక్కడ మన పిల్లలు టైటిల్స్ రాస్తుంటారు. అమ్మీ, అబ్బూ ఒకసారి పక్కన కూర్చుని ఆ పేజీలు చదవండి. ఆపమని కాదు. నవ్వనివ్వండి. ఒక్క సవాల్ మాత్రం అడగండి, 'ఇది ఆ పిల్లాడి ముందు నిలబడి, అతని అమ్మీ కూడా వింటుండగా చదవగలవా?' అని. చదవగలిగితే అది మజాక్. చదవలేనంటే ఆ ఒక్క లైను కొట్టేసి, ఇంకొకటి రాయమనండి.

ఖాళీ జేబులవాడు కూడా ఏదో ఒకటి వదిలే వెళ్తాడు. అచ్చులో పడిన మాటకు మూడో వంతు హద్దు లేదు, మొత్తం చెల్లుతుంది.