ఎవర్ని తెద్దాం? - సింగపూర్ ఫుట్‌బాల్, హైదరాబాద్ కుర్రాళ్ళు

ఈ పూట ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోనే నవ్వారు. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ. బంతిని కాలితో తన్నిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఈ కథ నాకు ఎలా తగిలిందో ముందు చెప్తాను.

2016 జనవరి. అప్పట్లో మేం టాంపినీస్‌లో ఉండేవాళ్ళం. ఇంటి కింద కోపీటియంలో సాయంత్రం టీ తాగడానికి దిగితే పక్క బల్ల దగ్గర పెద్ద గొడవ. గొడవంటే తిట్టుకోవడం కాదు లెండి, వాదన. మన ఊళ్ళో ఎన్నికల ముందు టీకొట్టు దగ్గర జరుగుతుందే, ఆ రకం. విషయం ఏమిటంటే, ఒకప్పుడు ఆర్సెనల్‌కి, లివర్‌పూల్‌కి ఆడిన జెర్మైన్ పెన్నంట్ అప్పుడు ఏ క్లబ్బులోనూ లేడు. కాంట్రాక్టు అయిపోయింది. అలాంటివాణ్ణి ఫ్రీ ఏజెంట్ అంటారు. టాంపినీస్ రోవర్స్ వాళ్ళు అతన్ని తీసుకుంటారట. తీసుకోవాలా వద్దా?

ఒక మలయ్ పెద్దాయన "పేరు చాలు, జనం వస్తారు" అంటాడు. ఇంకో చైనీస్ ఆయన "33 ఏళ్ళవాడు, ఆ డబ్బుతో వెనక ఒక గట్టి డిఫెండర్ని కొనండి, ముందు గోల్స్ పడకుండా చూసుకోండి" అంటాడు. మూడో ఆయన తమిళుడు, డెబ్భై దాటి ఉంటాయి. చాలాసేపు విని, "2010లో డూరిచ్‌ని తెచ్చినప్పుడు కూడా ముసలాడన్నారు మీరు" అన్నాడు. దాంతో బల్ల కాస్త చల్లబడింది. తరవాత నా వైపు తిరిగి, ఏ ఊరు తంబీ అని అడిగాడు. హైదరాబాద్ అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "రహీం సాబ్ ఊరా!" అన్నాడు.

నాకు ఏ రహీమో తెలియలేదు. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. పుట్టి పెరిగింది సికిందరాబాద్‌లో. మా ఊరివాడి పేరు నాకు సింగపూర్‌లో ఒక తమిళ తాత చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి మొదలుపెట్టిన చదువే ఈ ప్రసంగం.

ముందు సింగపూర్ సంగతి చూద్దాం. ఇక్కడి ఫుట్‌బాల్ పిచ్చి నిన్నమొన్నటిది కాదు. 1921లో బ్రిటిష్ యుద్ధనౌక మలయా సిబ్బంది ఇచ్చిన కప్పుతో మలయా రాష్ట్రాల మధ్య పోటీలు మొదలయ్యాయి. మొదటి కప్పు గెలిచింది సింగపూరే. అదే తరవాత మలేషియా కప్పు అయింది. 1973లో కలాంగ్‌లో నేషనల్ స్టేడియం తెరిచాక యాభై వేలమంది ఒక్క గొంతుతో అరిచే ఆ అరుపుకి కలాంగ్ గర్జన అని పేరే పడింది. అప్పటి జట్టంతా దాదాపు ఇక్కడి కుర్రాళ్ళే. ఎవర్ని తేవాలి అన్న ప్రశ్న అప్పటికింకా పెద్దగా పుట్టలేదు.

చిత్రం ఏమిటంటే, సింగపూర్ బయటివాళ్ళను తెచ్చుకోక ముందే తనవాణ్ణి బయటివాళ్ళకు ఇచ్చింది. ఫాండీ అహ్మద్ పేరు ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. 1983లో హాలండ్‌లో గ్రోనింగెన్ క్లబ్బుకి వెళ్ళాడు. ఆ అక్టోబరులోనే ఇంటర్ మిలాన్ మీద గోలు కొట్టాడు. తరవాత కౌలాలంపూర్‌కి, పహాంగ్‌కి ఆడాడు. 1992లో పహాంగ్ లీగూ కప్పూ రెండూ గెలిచిందంటే అందులో ఫాండీ ఉన్నాడు. అంటే, మన హీరో అవతలివాళ్ళకు కొనుక్కొచ్చిన ఆటగాడు. పహాంగ్ వీధుల్లో టీ తాగేవాళ్ళు కూడా ఈ సింగపూర్ వాడు మనకెందుకు అని అనుకునే ఉంటారు, గెలిచేదాకా.

1994లో సింగపూర్ అదే పహాంగ్‌ని షా ఆలంలో 4-0తో ఓడించి మలేషియా కప్పు తెచ్చింది. కెప్టెన్ ఫాండీ. కానీ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టింది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అబ్బాస్ సాద్. వేలమంది సరిహద్దు దాటి వెళ్ళి చూశారు ఆ మ్యాచ్‌ని. ఆ ఆనందం ఏడాది కూడా నిలవలేదు. అదే కాలంలో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులు బయటపడ్డాయి. చెక్ ఆటగాడు మిఖాల్ వానా బెయిలు మీద ఉండి దేశం దాటిపోయాడు. 1995లో అబ్బాస్ సాద్‌కు కోర్టు 50,000 డాలర్ల జరిమానా వేసింది. టికెట్ల డబ్బు పంపకం దగ్గర మలేషియాతో తగువు వచ్చి ఆ ఏడాదే సింగపూర్ ఆ పోటీల నుంచి బయటకొచ్చేసింది. 1996లో ఎనిమిది క్లబ్బులతో ఎస్.లీగ్ పెట్టుకుంది.

ఇక్కడ కాస్త యూరప్ వైపు చూడాలి. సరిగ్గా అప్పుడే, 1995 డిసెంబరు 15న, బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. 1990లో లియేజ్ క్లబ్బుతో అతని కాంట్రాక్టు అయిపోయింది. ఫ్రాన్స్‌లో డంకెర్క్‌కి వెళ్తానన్నాడు. మాకు డబ్బు కడితేగానీ వదలమంది పాత క్లబ్బు. కాంట్రాక్టు అయిపోయిన మనిషి మీద నీకేం హక్కు అని అడిగాడు బోస్మన్. ఐదేళ్ళు పట్టింది గెలవడానికి, ఆలోగా అతని ఆట అయిపోయింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. నోటీసు పీరియడ్ అయ్యాక కూడా పాత కంపెనీ కొత్త కంపెనీని డబ్బడిగితే మనం ఊరుకుంటామా? ఫుట్‌బాల్లో మాత్రం వందేళ్ళు ఊరుకున్నారు. ఇవాళ అభిమానులు ఫ్రీ ఏజెంట్ల జాబితా పట్టుకుని వాదించుకునే సుఖం బోస్మన్ పెట్టిన భిక్షే.

సరే, ఎస్.లీగ్‌కి మంచి ఆటగాళ్ళే వచ్చారు. 1998 ప్రపంచ కప్‌లో అమెరికా మీద గోలు కొట్టిన ఇరాన్ ఆటగాడు ఎస్తీలీ అంతకు ముందు గేలాంగ్‌కి ఆడినవాడే. ఆ 1998లోనే సింగపూర్ మొదటిసారి ఆగ్నేయాసియా కప్పు గెలిచింది. హనోయ్‌లో వియత్నాం మీద ఏకైక గోలు శశికుమార్‌ది. బంతి అతని భుజానికి తగిలి లోపలికి పోయింది. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ దాన్ని దేవుడి భుజం అంటారు. అదే ఏడాది ప్రధాని గో చోక్ టాంగ్ 2010 ప్రపంచ కప్పుకి వెళ్దాం అన్నారు. ఫ్రాన్స్ వలసవాళ్ళ పిల్లలతో కప్పు గెలిచింది కదా, మనమూ బయటి ప్రతిభను తెచ్చుకుందాం అన్న ఆలోచన బలపడింది. దాంతో క్లబ్బుల ప్రశ్న కాస్తా దేశం ప్రశ్న అయింది. క్లబ్బుకి ఎవర్ని తేవాలి అనడం వేరు, ఎవరికి పాస్‌పోర్టు ఇవ్వాలి అనడం వేరు.

2002 నుంచి బ్రెజిల్ ఎగ్మార్, క్రొయేషియా గ్రబోవాచ్, తరవాత నైజీరియా నుంచి వచ్చిన ఆగు కాస్మీర్, ఇతిమి డిక్సన్ పౌరసత్వం తీసుకుని ఆడారు. 2005 జనవరిలో ఇండోనేషియాని ఓడించి టైగర్ కప్పు, 2007లో థాయిలాండ్‌ని ఓడించి మళ్ళీ కప్పు. ప్రపంచ కప్పు మాత్రం రాలేదు. కొందరు ఆట అయ్యాక వెళ్ళిపోయారు. వీళ్ళు మనవాళ్ళేనా అన్న మాట కోపీటియంలో అప్పుడూ ఇప్పుడూ వినిపిస్తూనే ఉంది. ఎంప్లాయ్‌మెంట్ పాసు మీద బతికే నాలాంటివాడు ఆ మాట విన్నప్పుడు టీ కప్పులోకి చూస్తాడు. వాళ్ళు మాట్లాడేది ఫుట్‌బాల్ గురించే అని తెలుసు, అయినా.

డానియెల్ బెన్నెట్ కథ వేరు. ఇంగ్లండ్‌లో పుట్టాడు గానీ చిన్నప్పుడే ఇక్కడికొచ్చాడు. 2002లో పౌరుడయ్యాక వెనక నిలబడి 140కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆ చైనీస్ ఆయన అడిగే గట్టి డిఫెండరు అంటే అలాంటివాడు. అతన్ని ఎవరూ జాబితా చూసి కొనలేదు.

ఇక అలెగ్జాండర్ డూరిచ్. బోస్నియాలో దోబోయ్ అనే ఊరు. 1992 బార్సెలోనా ఒలింపిక్స్‌లో యుద్ధంలో ఉన్న తన దేశం తరఫున పడవ పోటీలో పాల్గొన్నాడు, ఫుట్‌బాల్ కాదు. ఆ యుద్ధంలోనే తల్లిని పోగొట్టుకున్నాడు. ఆస్ట్రేలియాలో ఆడి, 1999లో తంజోంగ్ పగార్ క్లబ్బుకి వచ్చాడు. ఇక్కడే ఉండిపోయాడు. ప్రతిభ పథకం కింద కాకుండా అందరిలాగే దరఖాస్తు పెట్టుకుని 2007లో పౌరసత్వం తీసుకున్నాడు. ఆ నవంబరులో తజికిస్తాన్ మీద 37 ఏళ్ళ వయసులో మొదటి మ్యాచ్ ఆడి రెండు గోల్సూ తనే కొట్టాడు. సాయుధ దళాల క్లబ్బు 2006 నుంచి 2009 దాకా వరసగా నాలుగుసార్లు లీగ్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. అక్కడ ముగిశాక, 39 ఏళ్ళప్పుడు, టాంపినీస్ తీసుకుంది. మా తమిళ తాత గుర్తుచేసింది ఇదే. టాంపినీస్ 2011, 2012, 2013 మూడేళ్ళు లీగ్ గెలిచింది. 44వ ఏట, 2014లో, ఆట మానేశాడు.

పెన్నంట్‌ని కూడా తీసుకున్నారు. జనం వచ్చారు, పత్రికలు రాశాయి. ఆ ఏడాది టాంపినీస్ రెండో స్థానం. ఉన్న కప్పులన్నీ జపాన్ కుర్రాళ్ళ జట్టు ఆల్బిరెక్స్ నిగాటా ఎత్తుకుపోయింది. పెన్నంట్ ఒక్క సీజన్ ఆడి వెళ్ళిపోయాడు. అతని తప్పేం లేదు, వచ్చిన పని అంతే. కానీ బల్ల దగ్గర వాదనంతా పేరు గురించి, వయసు గురించి, జీతం గురించి. ఉంటాడా అన్నది ఎవరూ అడగలేదు.

ఇక మా ఊరికి వస్తాను. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పు వరసగా ఐదుసార్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద రెండు గోల్స్ వెనకబడి, సమం చేసి, మళ్ళీ ఆడినప్పుడు గెలిచింది. ఆయన ఎవర్నీ కొనలేదు. కొనడానికి డబ్బులేవి? చూపించగలిగింది పోలీసు ఉద్యోగం, ఇవ్వగలిగింది చదువు. భారత జట్టుకి 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనివే. 1962 ఫైనల్ జకార్తాలో. ఇక్కడి తాతకు రహీం పేరు తెలిసింది అందువల్లే, కుర్రాడిగా ఉండగా రేడియోలో విన్నాడట.

మరి కొన్నది ఎవరు? కలకత్తా. పంచపాండవులని పేరు పడిన ఈస్ట్ బెంగాల్ ఐదుగురు ఫార్వర్డ్‌లనూ కార్యదర్శి జ్యోతిష్ గుహ దక్షిణాది నుంచే పోగేశాడు. అందులో అప్పారావు అన్న పేరు వింటే మనకు చెవులు నిక్కుతాయి కదా. 1957లో సికిందరాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. 1966లో మహమ్మద్ హబీబ్. ఆ తరవాత అతని తమ్ముడు అక్బర్. జట్లు మారే రోజుల్లో కలకత్తాలో ఆటగాళ్ళను అవతలి క్లబ్బు కంట పడకుండా దాచేవారట, పెళ్ళికొడుకుని దాచినట్టు. ఉద్యోగాలు వద్దనుకుని ఆటే వృత్తిగా పెట్టుకున్న హబీబ్‌ని అక్కడ బడేమియాఁ అని పిలిచారు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, 2-2తో ముగిసిన ఆ మ్యాచ్‌లో మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌దే.

రహీం 1963లో క్యాన్సర్‌తో పోయారు. తయారుచేసేవాడు పోయాడు, కొనేవాళ్ళు మిగిలారు. కుర్రాళ్ళను నేను తప్పుపట్టను. బలరాం గానీ హబీబ్ గానీ వెళ్ళకపోతే కానిస్టేబుల్‌గా మిగిలిపోయేవారేమో. నేను మాత్రం ఇంటి దగ్గర ఉన్నానా? కానీ వెళ్ళినవాడి స్థానంలో ఇంకొకణ్ణి నిలబెట్టే ఏర్పాటు ఊళ్ళో లేకపోయింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చి 2022లో ఐఎస్ఎల్ గెలిచినప్పుడు కెప్టెన్ బ్రెజిల్ జోవో విక్టర్, గోల్స్ నైజీరియా ఒగ్బెచేవి. గెలిచారు, సంతోషమే. తరవాత జీతాల కష్టాలొచ్చాయి, ఆటగాళ్ళు పోయారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. 2023లో బలరాం, హబీబ్ ఇద్దరూ కన్నుమూశారు. హబీబ్ పోయింది ఆగస్టు 15న. 2024లో మైదాన్ సినిమా చూసి మా మేనమామ ఫోన్ చేసి, "ఒరేయ్, ఫతే మైదాన్‌లో వీళ్ళ ఆట నేను గోడెక్కి చూశాన్రా" అన్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు మావయ్యా అంటే, "నువ్వడిగావా?" అన్నాడు.

క్రిందటి నవంబరు, అంటే 2025లో, సింగపూర్ హాంకాంగ్‌ని వాళ్ళ ఊళ్ళోనే 2-1తో ఓడించి ఆసియా కప్పుకి అర్హత సాధించింది. 1984లో ఆతిథ్య దేశంగా ఆడింది గానీ, ఆడి సంపాదించుకోవడం ఇదే మొదలు. ఒక గోలు ఫాండీ కొడుకు ఇల్హాన్‌ది. కొరియాలో పుట్టి, ఇక్కడి లీగులో పెరిగి, 2021లో పౌరుడైన సాంగ్ ఉయ్-యంగ్ ఈ తరం జట్టువాడే.

ఆ వారం టాంపినీస్ వైపు వెళ్ళి తాతను పలకరించాను. బల్ల అదే, వాదనా అదే. ఆసియా కప్పు లోపు వెనక ఒక మంచి స్టాపర్ కావాలట, ఎవర్ని తేవాలో తేలడం లేదు. నన్ను చూసి, "తంబీ, హైదరాబాద్‌లో ఎవడైనా స్టాపర్ ఉన్నాడా?" అన్నాడు. మావయ్యని అడిగి చెప్తానన్నాను.