గడువు, ఏకాగ్రత, భద్రత: గోదావరిఖని గనుల అనుభవం

పరిచయం

ఉద్యోగం చేస్తూ చదువుకుంటున్న మీలో చాలామందికి గడువుల ఒత్తిడి కొత్త కాదు. ఒత్తిడిలోనూ ఏకాగ్రత చెదరకుండా పనిచేయడం వ్యక్తి స్వభావాన్ని బట్టి ఉంటుందని సాధారణంగా భావిస్తాం. ఇది ఎంతవరకు నిజమో రామగుండం ప్రాంత బొగ్గు గనుల చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చింది?

1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1960ల నాటికి గనులు రామగుండానికి విస్తరించగా, గోదావరి ఒడ్డున గోదావరిఖని పట్టణం పెరిగింది. 1983లో రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రంలో మొదటి యూనిట్ ప్రారంభమైంది. విద్యుత్ కేంద్రానికి బొగ్గు రోజూ అందాలి. అందువల్ల ఉత్పత్తి లక్ష్యం ప్రతి షిఫ్టుకూ ఒక గడువుగా మారింది.

బాయి లోపల ఈ ఒత్తిడి మరో రూపంలో ఉండేది. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లర్‌కు నింపిన టబ్బుల లెక్కన కూలి వచ్చేది. గని లోతుకు వెళ్లేకొద్దీ పని చోటికి నడవడానికే సమయం పట్టేది. మిగిలిన సమయంలోనే టబ్బులు నింపాలి. పైకప్పు చప్పుడు వినడానికి ఆగితే ఒక టబ్బు తగ్గుతుంది. ఆగకపోతే ప్రాణానికే ముప్పు. ఈ రెండింటి మధ్య నిర్ణయాన్ని కార్మికుని ఓపికకు మాత్రమే వదిలివేయడం సరైనదేనా?

చట్టం ఇచ్చిన సమాధానం

1952 గనుల చట్టం భూగర్భంలో పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. అలసిన మనిషి జాగ్రత్తగా ఉండలేడన్న గుర్తింపు దీనిలో ఉంది. 1957 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పని చోటును అర్హుడైన వ్యక్తి తనిఖీ చేసి నివేదిక రాయాల్సి ఉండేది. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు ముందస్తు అనుమతి లేకుండా తవ్వడాన్ని అవి నిషేధించాయి. ఈ నియమాలన్నీ పనిని కొంత నెమ్మదింపజేశాయి. వాటి ఉద్దేశం కూడా అదే. తొందరలో మనిషి మరచిపోయే జాగ్రత్తను అవి పని క్రమంలోనే భాగం చేశాయి.

నియమాలు ఉన్నంత మాత్రాన ముప్పు తొలగిపోదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరులో గోదావరిఖని 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. అంతకుముందు 1975లో ధన్‌బాద్ సమీపంలోని చాస్నాలా గనిలో నీటి ప్రమాదం 375 మందిని బలిగొంది. గనిలో తనిఖీకి కేటాయించిన సమయాన్ని వృథాగా లెక్కించకూడదని ఈ సంఘటనలు గుర్తుచేస్తాయి.

సారాంశం

ఏకాగ్రతకు వ్యక్తి క్రమశిక్షణ అవసరమే, కానీ అది ఒక్కటే చాలదు. పని గంటల పరిమితి, కూలి లెక్కించే పద్ధతి, పని ఆపి చూసుకునే అవకాశం కూడా దానిని నిర్ణయిస్తాయి. మీ కార్యాలయంలో గానీ దుకాణంలో గానీ తప్పు జరిగినప్పుడు, "ఎవరు అజాగ్రత్తగా ఉన్నారు?" అని అడిగే ముందు, "జాగ్రత్తగా ఉండటానికి సమయం ఇచ్చామా?" అని అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టబ్బుల లెక్కన కూలి చెల్లించే పద్ధతి కార్మికుల భద్రతపై ఎలాంటి ప్రభావం చూపగలదు?
2. మీ పని చోట తప్పులను నివారించే నియమం ఒకటి పేర్కొని, అది పనిని ఎలా నెమ్మదింపజేస్తుందో వివరించండి.