3.4 పులి ఛాయాచిత్రం: ఒక చారిత్రక ఆధారం

పెంపుడు పిల్లిని మనం ముచ్చటపడి ఫోటో తీస్తాం. దాని కుటుంబానికే చెందిన పెద్దపులిని మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్లలో ఎందుకు ఫోటో తీస్తున్నారో ఈ విభాగంలో తెలుసుకుంటారు.

1902లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యంలోని వరంగల్ ప్రాంతంలో వేటాడాడు. ఆ సందర్భంలో లాలా దీన్‌దయాళ్ తీసిన చిత్రంలో కర్జన్ దంపతుల కాళ్ల ముందు చచ్చిన పులి ఉంటుంది. అది వేటగాడి ప్రతిష్ఠ కోసం తీసిన చిత్రం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత పరిస్థితి మారింది. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. అప్పట్లో పాదముద్రలను బట్టి పులులను లెక్కించేవారు. ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో మరోలా పడుతుంది కాబట్టి లెక్క తప్పేది. 2006 జాతీయ గణనతో కెమెరా ట్రాప్‌లకు ప్రాధాన్యం పెరిగింది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కుడి, ఎడమ పక్కల చారలు కూడా వేరు. అందుకే కాలిబాటకు రెండు వైపులా కెమెరాలు కడతారు.

ఈ ఫోటో పులికి గుర్తింపు పత్రం వంటిది. పులి కనబడకుండా పోతే, ఆ సంగతి దీనివల్లే తెలుస్తుంది. అయితే అడవి జాడ తెలిసిన చెంచు కాపలాదారులు ఇందులో కనబడరు. ఏ ఛాయాచిత్రాన్ని ఆధారంగా తీసుకున్నా, అందులో లేనివారెవరో కూడా మీరు పరిశీలించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వేట చిత్రానికీ, కెమెరా ట్రాప్ చిత్రానికీ ప్రయోజనంలో గల భేదాన్ని వివరించండి.