సున్నా చెరిగిన తర్వాత

బాక్సర్ రికార్డు రాసే పద్ధతి చాలా క్లుప్తం. గెలుపులు ఎన్ని, ఓటములు ఎన్ని, అంతే. రెండో అంకె సున్నాగా ఉన్నంతకాలం హెవీవెయిట్ బాక్సర్ వెల వేరు. అది ఒకటిగా మారిన రాత్రి నుంచి అతని చుట్టూ ఉన్నవాళ్ల లెక్కలన్నీ మారిపోతాయి. ప్రమోటరు, టీవీ చానలు, పత్రికలవాళ్లు అందరూ అడిగేది ఒకటే: ఇక ఇతని పని అయిపోయినట్టేనా? నూట ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న మారలేదు, జవాబు మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఆ మార్పుల వెంట నడిచి చూస్తే నాకు ఒకటి బలంగా అనిపిస్తుంది. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందన్నది కాదు, ఆ ఓటమిని బాక్సర్ ఎవరి పద్దులో రాశాడన్నదే అతని భవిష్యత్తును ఎక్కువసార్లు తేల్చింది.

తొలితరంలో మొదటి ఓటమి అంటే దాదాపు చివరి ఓటమే. జాన్ ఎల్. సలివన్ 1889లో జేక్ కిల్‌రెయిన్‌తో వట్టి పిడికిళ్లతో 75 రౌండ్లు పోరాడి గెలిచిన మొనగాడు. ఆ తర్వాత మూడేళ్లు టైటిల్ కోసం రింగులోకి దిగలేదు. నాటకాల్లో వేషాలు వేశాడు, తాగాడు, ఒళ్లు పెంచాడు. 1892 సెప్టెంబర్ 7న న్యూ ఆర్లీన్స్‌లో జేమ్స్ కార్బెట్ అతనికి అందకుండా తిరుగుతూ, అలసిపోయేలా చేసి, 21వ రౌండులో పడగొట్టాడు. అప్పటికి సలివన్‌కి 33 ఏళ్లు. మళ్లీ టైటిల్ కోసం పోరాడనే లేదు. జేమ్స్ జెఫ్రీస్ కథ ఇంకా విషాదం. అజేయుడిగా తప్పుకుని ఇంటిపట్టున ఉన్న మనిషిని, నల్లజాతి చాంపియన్ జాక్ జాన్సన్‌ని ఓడించాలంటూ తెల్లవాళ్ల పత్రికలు వెంటపడి రింగులోకి లాక్కొచ్చాయి. 1910 జూలై 4న రీనోలో 15వ రౌండులో జెఫ్రీస్ కూలాడు. ఆ రాత్రి అమెరికాలో ఎన్నో ఊళ్లలో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. జెఫ్రీస్ మళ్లీ పోటీకి దిగలేదు. ఈ ఇద్దరికీ తొలి ఓటమి వచ్చింది వయసు దాటిపోయాక. నేర్చుకోవడానికి పాఠం ఉన్నా, నేర్చుకునే కాలం మిగల్లేదు.

పాఠం, కాలం రెండూ ఉన్న మొదటి పెద్ద ఉదాహరణ జో లూయీ. అలబామాలో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగిన ఈ నల్లజాతి యువకుడికి 1936 నాటికి 22 ఏళ్లు. వృత్తి బాక్సింగులో ఓటమి ఎరగడు. ప్రత్యర్థి మాక్స్ ష్మెలింగ్ జర్మన్, 30 ఏళ్ల మాజీ చాంపియన్. అతని రోజులు అయిపోయాయని అందరూ అనుకున్నారు. ష్మెలింగ్ మాత్రం లూయీ పోటీల ఫిల్ములు తెప్పించుకుని మళ్లీ మళ్లీ చూశాడు. అందులో అతనికొక చిన్న లోపం దొరికింది. లూయీ ఎడమ చేత్తో జాబ్ వేశాక ఆ చేతిని తిన్నగా గడ్డం దగ్గరికి తీసుకోడు, కాస్త కిందికి జారనిస్తాడు. ఆ అరక్షణంలో ఎడమ దవడ ఖాళీ. ష్మెలింగ్ కుడి చెయ్యి సరిగ్గా ఆ ఖాళీ కోసమే కాచుకుంది.

లూయీ శిక్షణ శిబిరంలో ఎక్కువ శ్రద్ధ గోల్ఫ్ మీదే ఉందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. జూన్ 19న యాంకీ స్టేడియంలో నాలుగో రౌండులోనే అతను నేలకొరిగాడు. వృత్తి జీవితంలో అతను కింద పడటం అదే మొదటిసారి. అక్కడి నుంచి ఎనిమిది రౌండ్లపాటు అదే కుడి చెయ్యి అదే దవడ మీద పడుతూనే ఉంది. 12వ రౌండులో కథ ముగిసింది. హార్లెమ్ వీధుల్లో జనం ఏడ్చారు. లూయీలో ఒక జాతి తన పరువును చూసుకుంటోంది మరి.

తర్వాత జరిగింది చూడండి. రెండు నెలలు తిరక్కుండా లూయీ మరో మాజీ చాంపియన్ జాక్ షార్కీతో తలపడి మూడో రౌండులో నాకౌట్ చేశాడు. సులువైన ప్రత్యర్థిని వెతికి ధైర్యం కూడగట్టుకునే పద్ధతి కాదది. ట్రైనర్ జాక్ బ్లాక్‌బర్న్ దగ్గర మళ్లీ మొదటి పాఠాలకి కూర్చున్నాడు. 1937 జూన్ 22న షికాగోలో జేమ్స్ బ్రాడక్‌ని ఎనిమిదో రౌండులో ఓడించి చాంపియన్ అయ్యాడు. ష్మెలింగ్‌ని ఓడించేదాకా మాత్రం తాను పూర్తి చాంపియన్‌నని అనుకోలేదు. సరిగ్గా ఏడాదికి, 1938 జూన్ 22న, అదే యాంకీ స్టేడియంలో రెండు నిమిషాల నాలుగు సెకన్లలో లెక్క తేలిపోయింది. ష్మెలింగ్ వెన్నెముకకి గాయమై ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తర్వాత 1949 దాకా లూయీయే చాంపియన్, మొత్తం మీద టైటిల్‌ను 25 సార్లు నిలబెట్టుకున్నాడు. తొలి ఓటమి తర్వాత ఒక బాక్సర్ ఏం చేయాలో చెప్పమంటే నేనిప్పటికీ ఈ రెండేళ్లనే చూపిస్తాను.

ఆ రోజుల్లో ఓటమికి అంత భయపడేవాళ్లు కాదనీ చెప్పాలి. బాక్సర్లు నెలకో రెండు నెలలకో రింగులోకి దిగేవాళ్లు. సోనీ లిస్టన్ 1954లో మార్టీ మార్షల్ చేతిలో దవడ విరిగి ఓడిపోయాడు. అప్పటికి అతను కొత్తవాడు, ఎవరికీ పట్టలేదు. మరుసటి ఏడాది మార్షల్‌ని ఓడించాడు, 1962లో చాంపియన్ అయ్యాడు. పరిస్థితి మారడం రాకీ మార్సియానోతో మొదలైంది. 1956లో అతను 49 పోటీలు ఆడి 49 గెలిచి తప్పుకున్నాడు. అప్పటి నుంచి ఆ సంఖ్య హెవీవెయిట్ల నెత్తిన కూర్చుంది. దానికి ఎంత బరువుందో లారీ హోమ్స్‌ని చూస్తే తెలుస్తుంది. 48 వరస గెలుపుల తర్వాత 1985లో మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడినప్పుడు, అంత గొప్ప బాక్సరు చనిపోయిన మార్సియానో మీద చేదు మాటలు మాట్లాడాడు. ఆ ఒక్క పోటీ గెలిచి ఉంటే అంకెలు సమానమయ్యేవి మరి.

మహమ్మద్ అలీ మాత్రం ఆ అంకె కింద నలగలేదు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు మూడున్నరేళ్లు రింగుకి దూరమై తిరిగొచ్చిన అలీ, 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు. 15వ రౌండులో ఫ్రేజియర్ ఎడమ హుక్‌కి వెల్లకిలా పడి, లేచి, చివరి గంట దాకా నిలబడ్డాడు. తర్వాత రెండేళ్లలోపే పది పోటీలు ఆడి పదీ గెలిచాడు. వాటిలో మొదటిది పాత స్నేహితుడు జిమ్మీ ఎలిస్‌తో. ఇదే ఎలిస్ 1980లో అలీతో కలిసి మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ ఆడాడు. ఓడిన అలీ చేసిన పని చాలా సాదా. వరసగా రింగులోకి దిగుతూ, లేని మూడున్నరేళ్లలో పట్టిన తుప్పు వదిలించుకున్నాడు. 1974 జనవరిలో ఫ్రేజియర్‌ని ఓడించాడు, అక్టోబర్ 30న కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ని ఎనిమిదో రౌండులో పడగొట్టాడు.

ఫోర్‌మన్‌కి అది తొలి ఓటమి, 40 గెలుపుల తర్వాత. ఇక్కడ మనం ఎక్కువసేపు ఆగాలి. ఓటమిని తన పద్దులో రాసుకోవడానికి ఒక మనిషికి ఎంతకాలం పడుతుందో ఇంత స్పష్టంగా చూపిన జీవితం బాక్సింగులో మరొకటి లేదు. మొదట అతను అన్నిటినీ తప్పుపట్టాడు. రింగు తాళ్లు వదులు చేశారన్నాడు, రిఫరీ తొందరగా లెక్కపెట్టాడన్నాడు, తాగిన నీళ్లలో మందు కలిపారన్నాడు. 1975లో టొరంటోలో ఒకే రోజు అయిదుగురితో ప్రదర్శన పోటీలు ఆడి నవ్వులపాలయ్యాడు. బలం తగ్గలేదు, రాన్ లైల్‌నీ ఫ్రేజియర్‌నీ నాకౌట్ చేశాడు. 1977లో సాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో ఓడి, డ్రెస్సింగ్ రూములో దైవానుభవం కలిగిందని చెప్పి బాక్సింగు వదిలేశాడు. హ్యూస్టన్‌లో పాస్టరయ్యాడు, కుర్రాళ్ల కోసం కేంద్రం పెట్టాడు.

పదేళ్ల తర్వాత 1987లో రింగుకి తిరిగొచ్చిన మనిషి వేరు. గుండు, భారీ శరీరం, నవ్వు ముఖం. కిన్షాసాలో అయిదారు రౌండ్లకే ఊపిరందని బాక్సర్ ఇప్పుడు తన శ్వాసను పొదుపుగా ఖర్చుపెట్టడం నేర్చుకున్నాడు. తాపీగా, జాబ్ మీద జాబ్ వేస్తూ, సమయం కోసం కాచుకునేవాడు. 1994 నవంబర్ 5న లాస్ వేగాస్‌లో 45 ఏళ్ల ఫోర్‌మన్, అప్పటిదాకా ఓటమి ఎరగని మైకేల్ మూరర్‌తో తలపడ్డాడు. కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకున్నాడు. అతని మూలలో నిలబడ్డవాడు ఏంజెలో డండీ, ఇరవై ఏళ్ల కిందట కిన్షాసాలో అలీ మూలలో ఉన్న డండీయే. తొమ్మిది రౌండ్లు ఫోర్‌మన్ పాయింట్లలో వెనకబడ్డాడు. పదో రౌండులో కురచగా వేసిన కుడి దెబ్బ మూరర్ గడ్డానికి తగిలింది, అంతే. ఇంత ఆలస్యంగా తీరిన బాకీ హెవీవెయిట్ చరిత్రలో మరొకటి కనబడదు.

ఈలోపు టీవీ డబ్బు వ్యాపారాన్నే మార్చేసింది. అజేయుడన్న పేరు అమ్ముడుపోయే సరుకైంది. సున్నాను కాపాడటానికి కుర్రవాళ్లకి బలహీనులనీ వయసు మళ్లినవాళ్లనీ జతచేయడం మేనేజర్ల విద్యగా మారింది. దీనివల్ల జరిగే నష్టం ఒకటే: నేర్చుకోవలసినవి చిన్న పోటీల్లో నేర్చుకోకుండా, అన్నీ ఒకేసారి పెద్ద పోటీలో ఎదురవుతాయి. డ్వేన్ బాబిక్ 38 వరస గెలుపులతో వచ్చి 1977లో కెన్ నార్టన్ ముందు 58 సెకన్లు నిలిచాడు. జెర్రీ కూనీ 25 గెలుపులతో వచ్చి, 1982లో హోమ్స్‌తో 13 రౌండ్లు నిజంగా ధైర్యంగా పోరాడాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆడినవి అయిదే పోటీలు. కూనీకి గట్టి ఎడమ హుక్ ఉంది, గుండె ధైర్యం ఉంది. ఆ రెండిటినీ రింగులో పదునుపెట్టే అవకాశమే అతనికి దక్కలేదు, ఆ బాధ్యత అతనిది మాత్రమే కాదు.

1990 ఫిబ్రవరి 11న టోక్యోలో మైక్ టైసన్‌ని బస్టర్ డగ్లస్ పదో రౌండులో పడగొట్టడం అందరికీ తెలుసు. అంతగా తెలియనిది టైసన్ మూలలో జరిగింది. ఎడమ కన్ను వాచిపోతుంటే, వాపు నొక్కడానికి ప్రతి బాక్సర్ సహాయకుల దగ్గరా ఉండే చల్లటి ఇనుప బిళ్ల వాళ్ల దగ్గర లేదు. రబ్బరు తొడుగులో ఐసునీళ్లు పోసి అద్దారు. టైసన్‌ని తీర్చిదిద్దిన కస్ డి అమాటో 1985లో పోయాడు, ట్రైనర్ కెవిన్ రూనీని 1988లో తీసేశారు. ఓటమి ఆ తర్వాతి రెండేళ్లలోనే తయారైంది. కానీ మర్నాడు టైసన్ వర్గం పట్టుకున్నది మరొకటి: ఎనిమిదో రౌండులో డగ్లస్ పడినప్పుడు రిఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడని ఫిర్యాదు. నాలుగు నెలల తర్వాత హెన్రీ టిల్మన్‌ని మొదటి రౌండులోనే పడగొట్టాడు, తర్వాతా గెలిచాడు. పాత టైసన్‌ని తయారుచేసిన పద్ధతి మాత్రం ఆ మూలకి తిరిగి రాలేదు. 1992లో అత్యాచార నేరం రుజువై జైలుకి వెళ్లడంతో ఆ అధ్యాయం మూసుకుపోయింది.

దీనికి పూర్తిగా ఎదురు లెనాక్స్ లూయిస్. 1994 సెప్టెంబర్‌లో లండన్ వెంబ్లీలో రెండో రౌండులో ఆలివర్ మెకాల్ కుడి దెబ్బకి పడ్డాడు. పోటీ తొందరగా ఆపేశారని అతనికీ అసంతృప్తి ఉంది. అయినా తర్వాత చేసిన పని ఈ మొత్తం చరిత్రలోనే తెలివైన నిర్ణయం అంటాను. ఆ రాత్రి మెకాల్‌కి శిక్షణ ఇచ్చి, తన లోపాన్ని పట్టుకున్న ఇమాన్యుయెల్ స్టూయర్డ్‌నే తన ట్రైనరుగా పెట్టుకున్నాడు. స్టూయర్డ్ పాఠం ఇది: ముందు జాబ్, తర్వాత కాళ్ల నిలకడ, ఆ తర్వాతే కుడి చెయ్యి. 1996లో రే మెర్సర్‌తో పది రౌండ్ల కఠిన పోరాటంలో ఆ పాఠం పరీక్షకు నిలిచింది. 1997 ఫిబ్రవరిలో మెకాల్ రింగులోనే ఏడుస్తూ పోరాడటం మానేస్తే టైటిల్ లూయిస్‌కి వచ్చింది. అదే స్టూయర్డ్ 2004 నుంచి వ్లాదిమిర్ క్లిచ్‌కోని నిలబెట్టాడు. 1998లో కీవ్‌లో, అప్పటికే పదికి పైగా ఓటములున్న రాస్ ప్యూరిటీ చేతిలో 11వ రౌండులో ఊపిరి చాలక ఓడిన వ్లాదిమిర్‌కి, ఆ తర్వాత మరో రెండు నాకౌట్ ఓటములు ఎదురయ్యాయి. అతని దవడ పనికిరాదని రాసినవాళ్లు ఎందరో. స్టూయర్డ్ ఆ దవడను మార్చలేదు, దాన్ని దూరంగా ఉంచడం నేర్పాడు. 2006 నుంచి 2015 దాకా వ్లాదిమిర్ చాంపియన్.

మన కాలంలో రీమ్యాచ్ ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఓడినవాడు ఆలోచించుకునేలోపే తేదీ ఖరారవుతుంది. ఆంథనీ జాషువా 2019 జూన్‌లో ఆండీ రూయిస్ చేతిలో ఓడి, ఆరు నెలలకి సౌదీ అరేబియాలో బరువు తగ్గించుకుని, దూరం పాటిస్తూ పాయింట్ల మీద గెలిచాడు. రూయిస్ మాత్రం 268 పౌండ్ల నుంచి 283కి పెరిగి వచ్చాడు. డియోంటే వైల్డర్ 2020లో టైసన్ ఫ్యూరీ చేతిలో ఓడాక, రింగుకి వేసుకొచ్చిన వేషం బరువుకి కాళ్లు చచ్చుపడ్డాయన్నాడు, తనని కాపాడటానికి తువ్వాలు విసిరిన ట్రైనర్ మార్క్ బ్రీలండ్‌ని తీసేశాడు. బ్రీలండ్ చేసింది సరైన పని. మరుసటి పోటీలోనూ వైల్డర్ ఓడాడు. జో జాయిస్ 2023 ఏప్రిల్‌లో జాంగ్ ఝిలేయ్ చేతిలో తొలిసారి ఓడి, అయిదు నెలల్లో అదే జాంగ్‌కి ఎదురెళ్లి మూడో రౌండులో కూలాడు.

ఆ జాయిస్ చేతిలోనే 2020 నవంబర్‌లో, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేని హాల్లో, డేనియల్ డుబ్వా తొలి ఓటమి చూశాడు. ఎడమ కంటి గూటి ఎముక విరిగింది. పదో రౌండులో అతను ఒక మోకాలు నేలకి ఆనించి, రిఫరీ లెక్క పూర్తయ్యేదాకా లేవలేదు. 23 ఏళ్ల కుర్రవాణ్ని పిరికివాడన్నారు, రింగులో చచ్చినా లొంగకూడదన్నారు. ఆ మాటలు అన్నవాళ్లలో మాజీ బాక్సర్లూ ఉండటం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. డుబ్వా ఆరు నెలలు కన్ను మాననిచ్చి, ట్రైనర్‌ని మార్చుకుని తిరిగొచ్చాడు. చాంపియన్ ఉసిక్ చేతిలో మరోసారి ఓడినా ఆగలేదు. 2024 సెప్టెంబర్ 21న వెంబ్లీలో సుమారు 96,000 మంది ముందు జాషువాను మొదటి రౌండులోనే పడగొట్టి, అయిదో రౌండులో నాకౌట్ చేశాడు. నాలుగేళ్ల కిందట ఆ మోకాలు నేలకి ఆనకపోయి ఉంటే, ఈ పోటీకి అతని దగ్గర రెండు కళ్లూ ఉండేవన్న నమ్మకం నాకు లేదు.